మీకు తెలుసా? ‘మాది నందివాడ’లో క్రియ ఎక్కడుంది?

మీ ఊరేదని అడిగితే ఏమంటారు? ‘మాది నందివాడ’ అంటారు. అంతేగా! ఇప్పుడు ఆ వాక్యంలో క్రియ ఎక్కడుందో వెతకండి. దొరకలేదా? దొరకదు! ఉన్నవి 2 మాటలే. అందులో ఒక్కటీ క్రియ కాదు. అయినా వాక్యం నిండుగా ఉంది. ఎవరూ ‘తర్వాత ఏంటి?’ అని అడగరు!

గుడివాడ చుట్టుపక్కల ఇంకొన్ని చూడండి. ఎన్టీఆర్‌ది నిమ్మకూరు. ఏఎన్నార్‌ది రామాపురం. విశ్వనాథ సత్యనారాయణ గారిది నందమూరు. ముగ్గురు మహామహుల ఊళ్ళు చెప్పేశాం. వాడిన క్రియలు ఎన్నో తెలుసా? 0!

ఇంగ్లీషువాళ్ళు బందరులో కోఠీ పెట్టింది 1611లో. ‘ఈజ్‌’ లేనిదే వాళ్ళకి మాట సాగదు. నాలుగు వందల ఏళ్ళు దాటిపోయాయి. బందరు వీధుల్లో ఇంగ్లీషు మాటలు బోలెడు కలిసిపోయాయి. బస్సు వచ్చింది, స్కూలు వచ్చింది, కరెంటు వచ్చింది. ఆ ‘ఈజ్‌’ మాత్రం రాలేదు! తెలుగుకి దాని అవసరమే పడలేదు!

ఆ ‘ఈజ్‌’ కుటుంబం ఎంత పెద్దదో చూడండి. యామ్‌, ఈజ్‌, ఆర్‌, వాజ్‌, వర్‌, బీ, బీన్‌, బీయింగ్‌. మొత్తం 8 రూపాలు! ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలు ముందుగా తడబడేది ఇక్కడే. పాపం, ఇంట్లో వాళ్ళకి ఈ గొడవ ఉంటేగా!

మనమొక్కళ్ళమే ఇలా అనుకుంటున్నారా? కానే కాదు! భాషా శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా 386 భాషల్ని ఈ ఒక్క విషయంలో పోల్చి చూశారు. 175 భాషల్లో ఇలాంటి క్రియ లేకుండానే వాక్యం చెల్లుతుందట! రష్యన్‌వాళ్ళు ‘నేను విద్యార్థి’ అంటే సరిపోతుంది. అరబ్బీలోనూ అంతే!

సామెతలు తీసుకోండి. ‘దూరపు కొండలు నునుపు.’ ‘నిదానమే ప్రధానం.’ ‘ఆరోగ్యమే మహాభాగ్యం.’ వరసగా 3 సామెతలు. ఎక్కడా క్రియ కనపడదు! అందుకే అంత గట్టిగా తగులుతాయి. ఒక్క మాట అదనంగా చేర్చి చూడండి, పస పోతుంది!

తోకలో రహస్యం!

ఆయన రైతు. నేను? ‘నేను రైతును.’ నువ్వు? ‘నువ్వు రైతువి.’ మేము? ‘మేం రైతులం.’ చూశారా! క్రియ లేదు సరే, దాని తోకలు మాత్రం నామవాచకానికి అతుక్కున్నాయి. ను, వి, నిండుసున్నా. మొత్తం 3 తోకలు! ఎవరి గురించి చెబుతున్నామో అవే చెప్పేస్తాయి!

దక్షిణాదిలో పెద్ద భాషలు 4. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం. ఇవాళ్టి నోటి మాటలో ఈ తోకల్ని నిలబెట్టుకున్నది ఏది? మన తెలుగే! తమిళంలోనూ ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు వాళ్ళు ‘నేను రైతు’ అనేస్తారు. మనమలా అంటే నాలిక ఒప్పుకోదు!

అంకెలకి కూడా తోక వస్తుంది, తెలుసా? బస్సులో కండక్టరు అడుగుతాడు. ‘ఎంతమంది?’ మనం ‘4’ అని ఊరుకోం. ‘నలుగురం!’ అంటాం. లెక్కా అందులోనే ఉంది. ‘మేమే’ అన్న కబురూ అందులోనే ఉంది! టిక్కెట్లు కొట్టేస్తాడు!

ఇది ఇంకా గమ్మత్తు! ‘నేను వచ్చాను’ అని ఉత్తరంలో రాస్తే, రాసింది మగో ఆడో తెలియదు. అదే ‘నేను చిన్నవాణ్ణి’ అన్నారనుకోండి, మగ. ‘నేను చిన్నదాన్ని’ అన్నారనుకోండి, ఆడ. క్రియ దాచిపెట్టిన గుట్టుని క్రియ లేని వాక్యం విప్పేసింది!

‘ని’కి 2 ఉద్యోగాలు, గమనించారా? ‘డాక్టర్ని పిలవండి’ అంటాం. ‘నేను డాక్టర్ని’ అనీ అంటాం. మొదటిది ఎవర్నో చెప్పే విభక్తి. రెండోది నేనే అని చెప్పే తోక. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. అయినా తెలుగు పిల్లాడు ఒక్కడూ పొరపాటు పడడు!

మలయాళీలు మాత్రం మనకి భిన్నం. ‘నేను రైతు’ అన్నాక చివర ‘ఆణ్‌’ అని 1 మాట చేరుస్తారు. ఆ ‘ఆణ్‌’ ఎక్కడిదో తెలుసా? మన ‘అగు’కి చుట్టమే! ఒకే వేరు. అక్కడ మొలిచింది, ఇక్కడ నేలలోనే ఉండిపోయింది!

‘కాదు’ అనాలంటే మాత్రం కష్టం!

‘మాది నందివాడ’ అనడానికి క్రియ అక్కర్లేదు. మరి కాకపోతే? ‘మాది నందివాడ కాదు!’ అదిగో, క్రియ బయటికొచ్చింది! ఔననడానికి 0. కాదనడానికి 1. ఒప్పుకోవడం ఎంత సులువో, తోసిపుచ్చడం అంత పని!

ఆసుపత్రి గుమ్మంలో ఈ మాటలు వినండి. ‘డాక్టరు గారు మీరేనా?’ ‘కాదండీ, కాంపౌండర్ని.’ ‘మరి డాక్టరు గారున్నారా?’ ‘లేరండీ.’ గమనించారా? ఎవరో తేల్చడానికి ‘కాదు’. ఎక్కడున్నారో తేల్చడానికి ‘లేరు’. 2 వేరు వేరు లేమిలు! ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూడండి, రోగి అయోమయంలో పడిపోతాడు!

హిందీలో ఈ తేడాయే లేదు! డాక్టరు కాకపోయినా ‘నహీ’. డాక్టరు లేకపోయినా ‘నహీ’. 1 మాటతో సరిపెట్టుకుంటారు. కన్నడంవాళ్ళు మాత్రం మనలాగే ‘అల్ల’, ‘ఇల్ల’ అని విడదీస్తారు. నోటి మాటలో తమిళులు చాలావరకు ‘ఇల్లె’తోనే గడిపేస్తారు!

లేను, లేము, లేవు, లేరు, లేడు, లేదు. చకచకా చదివారా? 6 రూపాలు! ‘లేవు’ని మళ్ళీ చూడండి. ‘నువ్వు లేవు’ అన్నా అదే. ‘డబ్బులు లేవు’ అన్నా అదే. మనిషికీ డబ్బుకీ ఒకటే మాట!

‘ఆమె రాలేదు.’ అర్థమేంటి? నిన్న పెళ్ళికి రాలేదనా? కాలు బెణికింది, రాలేదనా? రెండూ అవునే! 1 వాక్యం, జరగలేదనీ చేతకాదనీ రెండూ చెబుతుంది. ‘నేను’ దగ్గరికొస్తే చిక్కు విడిపోతుంది. ‘రాలేదు’ వేరు, ‘రాలేను’ వేరు!

టీ లేదా కాఫీ? ఆ ‘లేదా’ ఎక్కడిదనుకున్నారు? ‘లేదు’కి ప్రశ్న తగిలిస్తే వచ్చింది! ‘లేకపోతే’ కూడా దాని పిల్లే. ‘లేకుండా’ కూడా అంతే. ఒక్క లేమి 3 పనిముట్లు చేసిపెట్టింది. ఇక ‘లేనిపోని’ మాటల సంగతి చెప్పక్కర్లేదు!

దాక్కున్న ‘అగు’!

‘అందమైన పాప’ అంటాం. ఆ ‘ఐన’ ఏంటో తెలుసా? ‘అయిన’! అందం, అయిన, కలిసి అందమైన. అంటే క్రియ అందులో దాక్కుంది! ‘బాగా’లో ఉన్న ‘గా’ కూడా దాని బంధువే. మీరు రోజూ పలికే 1 అక్షరంలో ఒక క్రియ నిద్రపోతోంది!

అయితే, అయినా, కానీ, కాబట్టి, కాకపోతే. ఈ 5 లేకుండా ఒక్క పూట మాట్లాడి చూడండి. అసాధ్యం! ఇవన్నీ ఆ ‘అగు’ సంతానమే. ‘కావాలి’ కూడా! ‘కాబోయే అల్లుడు’ కూడా! వాక్యం చివర కనిపించదు గానీ, మధ్యలో అడుగడుగునా ఉంది!

‘టైమెంతయింది?’ ‘పదయింది.’ హోటల్లో ‘ఎంతయింది?’ ‘నలభై.’ ‘భోజనం అయిందా?’ ‘అయింది!’ గడియారం, బిల్లు, భోజనం. 3 చోట్లా ఒకటే క్రియ! పరాయి దేశస్థుడు తెలుగు నేర్చుకోవాలంటే ఇక్కడ తల పట్టుకోవాల్సిందే!

‘మా తాతగారు కరణం.’ ఆయన ఇప్పుడున్నారా, పోయారా? వాక్యం చెప్పదు! నిన్నటికీ నేటికీ 1 వాక్యమే. ‘అప్పట్లో మాది పూరిల్లు’ అన్నా చెల్లుతుంది. రేపు కాబోయేదానికి మాత్రం చాలాసార్లు చెల్లదు. ‘మనవరాలు కలెక్టరు అవుతుంది’ అనాల్సిందే. కలకి క్రియ కావాలి మరి!

‘వాడు దొంగ.’ ‘వాడే దొంగ.’ ‘వాడా దొంగ?’ ‘వాడు దొంగా?’ 4 వాక్యాలు. నాలుగూ వేరు! మారింది ఒక్క అచ్చు. క్రియ లేకపోతేనేం, ఏత్వం ఒకటి చాలు, వేలెత్తి చూపించడానికి!

‘ఉంది’ తమాషాలు!

తిన్నాడు, విన్నాడు, కన్నాడు. అన్నీ జరిగిపోయినవి. మరి ‘ఉన్నాడు’? అదే అచ్చులో పోసినట్టుంది. కానీ అర్థం ఇప్పుడు! ‘నిన్న ఇంట్లోనే ఉన్నాడు’ అంటే నిన్న కూడా! 1 రూపం 2 కాలాల్లో తిరుగుతుంది. వ్యాకరణం మాస్టారుకి కూడా చెమట పట్టిస్తుంది!

ఫోను పెట్టేసేటప్పుడు ఏమంటాం? ‘ఉంటానండీ!’ ఆలోచించండి. పోతూ పోతూ ‘ఉంటా’ అంటాం! ఆగమని చెప్పడానికేమో ‘ఉండు’ అంటాం. 1 క్రియ, వీడ్కోలుకీ నిలబెట్టడానికీ! ‘పోతాను’ అనడానికి మనకి నోరు రాదు మరి!

‘అక్క ఉంది.’ ‘బల్ల ఉంది.’ ఏకవచనంలో ఇద్దరికీ ఒకటే రూపం! ఇంకో అక్కని తీసుకురండి. 2 అక్కలైతే? ‘అక్కలున్నారు’, కానీ ‘బల్లలున్నాయి’! ఒంటరిగా ఉంటే బల్లతో సమానం, జంటగా ఉంటే మనుషుల లెక్క. ఏం న్యాయమో ఇది!

పాలున్నాయి. నీళ్ళున్నాయి. వడ్లున్నాయి. 3 కూడా బహువచనమే! గ్లాసుడు పాలైనా ‘ఉంది’ అనం. చుక్క నీళ్ళైనా ‘ఉన్నాయి’ అంటాం. డెల్టా సంపదంతా బహువచనంలోనే ఉంది!

‘తింటున్నాడు’ని కాస్త విడదీయండి. తింటు, ఉన్నాడు. ఉండడం అందులో కలిసిపోయింది! మన దగ్గర ‘చేస్తున్నాడు’. కరీంనగర్‌, వరంగల్‌ వైపు ‘చేస్తాండు’. కడప, అనంతపురం వైపు ‘చేస్తాండాడు’. 3 చోట్లా ‘ఉండు’ ఉంది. వినగలిగితే వినిపిస్తుంది!

బోర్డుల మీద ఇంకో వింత! ‘ఇల్లు అద్దెకు కలదు.’ ఇంట్లో ఎవరైనా ‘అన్నం కలదు’ అంటారా? అనరు! నోట్లోంచి పోయిన మాట గోడ మీద బతుకుతోంది. ‘కలదు’కి వ్యతిరేకం ఏంటో తెలుసా? ‘లేదు’! ‘ఉంది’కీ అదే. 2 ఔన్లకి ఒకటే ‘లేదు’!

నాలుగు దిక్కులు, నాలుగు నోళ్ళు!

కృష్ణా జిల్లాలో ‘ఉంది’. తెలంగాణలో ‘ఉన్నది’. రాయలసీమలో ‘ఉండాది’. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘ఉన్నాది’. 4 రూపాలు, ఒకే ఉనికి! మన ‘ఉంది’ అసలు ‘ఉన్నది’కి కుదింపే. అంటే పూర్తి రూపం తెలంగాణ దగ్గరే భద్రంగా ఉంది!

‘లేదు’ ఎన్ని వేషాలేస్తుందో! మన దగ్గర ‘లేదు’. తెలంగాణలో ‘రాలే’, ‘తినలే’ అని తోక తెగుతుంది. కర్నూలు, అనంతపురం వైపు ‘ల్యాదు’. శ్రీకాకుళం వైపు ‘నేదు’! మొత్తం 4. లకారం కాస్తా నకారం అయిపోయింది చూశారా!

‘ఉన్నాను’ని ఎవరెంత కోస్తారో చూడండి! బందరులో ‘ఉన్నాను’ కాస్తా ‘ఉన్నా’ అవుతుంది. తెలంగాణలో ‘ఉన్న’ అని పొట్టిగా వస్తుంది. సీమలో ‘ఉండా’. 3 చోట్లా ‘నేను’ అని చెప్పే ‘ను’ ఎగిరిపోయింది. ఎవరికీ లోటు తెలియదు!

‘నీ పేరేంటి?’ క్రియ లేని ప్రశ్న! మన దగ్గర ‘ఏంటి’. తెలంగాణలో, పల్నాడులో ‘ఏంది’. ఉత్తరాంధ్రలో ‘ఏటి’. మాట మారింది, సున్నా మారలేదు! ఈ ప్రాంతాల్లో ఎక్కడికెళ్ళి అడిగినా చివర క్రియ పెట్టే పనే లేదు!

అవుననడం కూడా ఒక్కలా ఉండదు! డెల్టాలో ‘అవునండీ’. తెలంగాణలో ‘ఔ’. కోనసీమలో ‘ఆయ్‌’! 3 చోట్లా తల ఊపడం మాత్రం ఒకటే. గుడివాడ బజార్లో ‘ఆయ్‌’ వినపడితే చాలు, గోదావరి దాటి వచ్చారని పట్టేస్తారు!

తెలుగుని ఎన్ని మాండలికాలుగా విడదీశారో తెలుసా? 4! పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలు. అలా గీతలు గీసినవారు ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు. కృష్ణా డెల్టా మధ్య మండలంలోకి వస్తుంది. పేపర్లో చదివే తెలుగుకి దగ్గరి చుట్టం ఇదే!

ఆ గీతలు ఎలా తేలాయి? నాగలి, కాడి, మోకు, గాదె! రైతుల నోటి మాటల్ని ఊరూరా తిరిగి ఏరారు. ఆ వ్యవసాయ పదకోశం 1962లో అచ్చయింది. తర్వాత చేనేత మాటల వంతు వచ్చింది. పండితుల్ని కాదు, పని చేసేవాళ్ళని అడిగి కట్టిన నిఘంటువులివి!

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 8.11 కోట్లు! అంతమందీ ‘ఉంది’ని ఒక్కలాగే అంటారనుకుంటే ఎలా? పోనీ అంతమందిలో ‘నేను రైతును’కి క్రియ వెతికేవాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు!

ఏడు సముద్రాల అవతల మన కవల!

ఐర్లండులో ఐరిష్‌ అనే పాత భాష ఉంది. అందులో ‘ఇస్‌’, ‘తా’ అని 2 మాటలు. ఎవరో చెప్పడానికి ‘ఇస్‌’. ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో చెప్పడానికి ‘తా’. మనకి ఒకటి సున్నా, ఇంకోటి ‘ఉంది’. అచ్చం మన విభజనే!

కాదనేటప్పుడు పోలిక ఇంకా గట్టిది! డాక్టరు కాకపోతే ‘నీ’ అంటారు. డాక్టరు లేకపోతే ‘నీల్‌’ అంటారు. మన కాదు, లేదు జంటే! ఇంగ్లీషుకి చేతకాని ఈ 2 లేమిల తేడా ఐరిష్‌కి తెలుసు, మనకి తెలుసు!

ఐరిష్‌ పిల్లలు బడిలో అపక్రమ క్రియలు 11 బట్టీ పడతారు. నియమాలకి లొంగని మొండి క్రియలవి. ‘తా’ వాటిలో ఉంది. మరి ‘ఇస్‌’? ఆ జాబితాలో లేదు! వ్యాకరణం దాన్ని మామూలు క్రియల పంక్తిలో కూర్చోబెట్టదు. మన దగ్గర దానికి ఆకే వేయలేదు!

ఐరిష్‌లో ‘నాకు డబ్బుంది’ అనడానికి ‘డబ్బు నా దగ్గర ఉంది’ అనే పద్ధతి! ఇంగ్లీషు ‘హ్యావ్‌’ లాంటి క్రియ వాళ్ళకి లేదు. మనకీ లేదు! ఆకలి కూడా అంతే. ‘నా మీద ఆకలి ఉంది’ అంటారు వాళ్ళు. ‘నాకు ఆకలిగా ఉంది’ అంటాం మనం. 2 భాషల్లోనూ ఆకలి మనదగ్గరికే వస్తుంది!

‘తిన్నావా?’ అంటే ‘తిన్నా’. ‘ఉన్నాడా?’ అంటే ‘లేడు’. మనం క్రియనే తిప్పి అంటాం కదా! ఐరిష్‌వాళ్ళదీ అదే దారి. ఎస్‌, నో లాంటి మాటలు వాళ్ళ భాషలో ఎన్నో తెలుసా? 0! మనకి ‘అవును’ ఒకటి అదనంగా ఉంది!

వాళ్ళకీ మాండలికాలున్నాయి! మన్‌స్టర్‌, కానక్ట్‌, అల్‌స్టర్‌. పెద్దవి 3. ‘ఆయన డాక్టరు’ అనడానికి మామూలుగా ‘ఇస్‌’ ముందొస్తుంది. మన్‌స్టర్‌లో మాత్రం ‘డాక్టరు’నే ముందుకి తోస్తారు! మనం ‘డాక్టరే ఆయన’ అన్నట్టు!

ఉత్తరాన అల్‌స్టర్‌లో ఇంకో వింత! మిగతా చోట్ల ‘నీ’ అనేదానికి అక్కడ ‘ఖ’ అని కూడా అంటారు. కాదనే మాటే మారిపోయింది! మన ‘లేదు’, ‘నేదు’ గుర్తొచ్చాయా? కాదనే మాట మారిన చోటు శ్రీకాకుళం ఒక్కటే కాదన్నమాట!

‘నేను ఉన్నాను’ అనడానికి అల్‌స్టర్‌లో ‘తా మే’. మన్‌స్టర్‌లో ‘తాయిమ్‌’! అంటే ‘నేను’ క్రియలోనే కలిసిపోయింది. మన ‘ఉన్నాను’లో ‘ను’ కలిసిపోయినట్టే. 2 మాటలు ఒకటైపోయాయి!

ఐర్లండుకి ప్రామాణిక ఐరిష్‌ 1958లో వచ్చింది. సర్కారే నియమాల పుస్తకం వేసింది! అయినా ఊళ్ళలో మాండలికాలు ఆగాయా? ఆగలేదు. పుస్తకం పుస్తకమే, నోరు నోరే. మనకి తెలియని సంగతా ఇది!

ఐరిష్‌వాళ్ళకి మన భాష మీద కన్ను!

తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒకే కుటుంబమని పెద్ద వ్యాకరణమే రాసినవాడు రాబర్ట్‌ కాల్డ్‌వెల్‌. ఆ పుస్తకం 1856లో వచ్చింది. ఆయన పుట్టిందెక్కడో తెలుసా? ఐర్లండులో, ఆంట్రిమ్‌ ప్రాంతంలో!

భారతదేశపు భాషల సర్వే చేయించిన గ్రియర్‌సన్‌ పుట్టింది డబ్లిన్‌ దగ్గర! ఆయన లెక్క 179 భాషలు. అయితే గమ్మత్తు చూడండి. మద్రాసు రాష్ట్రం, హైదరాబాదు సంస్థానం ఆ సర్వే పరిధిలోనే లేవు. అంటే బందరు మాట ఆయన చెవిన పడలేదు!

విట్లీ స్టోక్స్‌ అని డబ్లిన్‌ పండితుడు. పాత ఐరిష్‌ చదవడంలో దిట్ట. 1862లో మద్రాసు వచ్చి దిగాడు! పగలు కోర్టు కాగితాలు, తీరిక దొరికితే పాత ఐరిష్‌ రాతలు. సొంత భాష మీద పని మన దేశంలో కూర్చుని చేశాడు!

ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో 1985లో వచ్చింది. ఒకరు మన భద్రిరాజు. మరి రెండోవారు? జె.పి.ఎల్‌. గ్విన్‌. ఐర్లండు కుటుంబానికి చెందిన ఐ.సి.ఎస్‌. అధికారి! ‘నేను రైతును’లో తోక సంగతి ప్రపంచానికి విడమరిచి చెప్పిన పుస్తకంలో ఒక చెయ్యి ఐరిష్‌ది!

గ్విన్‌ అంతటితో ఆగలేదు. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు కూడా కట్టారు. 1991లో ఆక్స్‌ఫర్డ్‌ అచ్చేసింది! ఉద్యోగం అయిపోయినా తెలుగు వదల్లేదు. మన పక్కింటివాళ్ళు ‘ఉండాది’ అంటే నవ్వే మనకి ఇది చిన్న చురకే!

ఐరిష్‌వారు కాదు గానీ, బందరులో కొలువు చేసిన సి.పి. బ్రౌన్‌ గుర్తున్నారా? ఆయన తెలుగు వ్యాకరణం 1840లో అచ్చయింది. తెలుగు తన భాష కాకపోయినా మన వాక్యం కీళ్ళు విప్పి చూశారు. మనమో, ఆ వాక్యాన్ని రోజూ మాట్లాడుతూ అందులో క్రియ లేదని గమనించనే లేదు!

ఇక మీ వంతు! ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. ఉంది, లేదు, కాదు, అవును. ఈ 4 మాటల్ని వాళ్ళెలా పలుకుతారో వినండి. ఊరి పేరు వేసి కాగితం మీద రాసిపెట్టండి. అత్తగారి ఊరి మాట ఒకలా, అమ్మగారి ఊరి మాట ఇంకోలా ఉంటుంది, చూస్తుండండి!

ఎవరైనా ‘ఉండాది’ అంటే నవ్వకండి. ‘నేదు’ అంటే దిద్దకండి. ‘ఉన్నది’ అంటే వంక పెట్టకండి. ఈ 3 రూపాలూ తెలుగే. అందులో ఒక్కటీ తప్పు కాదు!